రాహుకాలం దాటాక పరుగు

మీరు చివరిసారి ఒక మాటను ఎందుకు నమ్మారు? అది నిజమని తేలినందుకా, చెప్పినాయన మెడలో ఈల వేలాడుతున్నందుకా? తొందరపడి జవాబివ్వకండి. నేను ఈలను చూసే నమ్మాను.

ఆ రోజుల్లో నేను జహీరాబాద్‌లో డిగ్రీ చదువుతూ, వేదిక దొరికినప్పుడల్లా మూఢనమ్మకాల మీద నిప్పులు చెరిగేదాన్ని (దొరకనప్పుడు ఇంట్లో చెరిగేదాన్ని, అమ్మ వంటింటి తలుపు వేసుకునేది). నన్నెవరూ ఏమార్చలేరని గట్టి నమ్మకం. దానికి రుజువేమిటని మాత్రం ఎప్పుడూ అడగలేదు. కానిస్టేబుల్ పరీక్షకు హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకోవాలని నా పట్టు, వద్దని నాన్న పట్టు. ఎండాకాలంలో అమ్మాయిలకు దూరపు పరుగు పందెం పెడుతున్నారని తెలిసి ఆయనొక షరతు పెట్టాడు. "నడుమల ఆగకుండ గీత దాటు, పంపుత. ఆగినవంటె మల్ల కోచింగ్ ముచ్చట తీయొద్దు."

పందెం పొద్దున్నే మొదలు కావాలి. జెండా ఊపాల్సిన పెద్దమనిషి తీరిగ్గా వచ్చి గడియారం చూసుకున్నాడు. "శనివారం గద, రాహుకాలం నడుస్తున్నది. జర పోనీయున్రి," అని కుర్చీలో చేరగిలబడ్డాడు. నేను ఊరుకుంటానా? "రాహువును ఎవరు చూసిన్రు సార్? సూర్యుణ్ని అందరం చూస్తనే ఉన్నం!" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, షామియానా కిందికి పోయి కూర్చున్నారు. లేని గ్రహానికి జడిసి, ఉన్న సూర్యుణ్ని నడినెత్తికి ఎక్కించుకున్నాక జెండా ఊపారు.

అంత మాట అన్నదాన్ని, మా పీటీ సార్ "ఉరికేటప్పుడు నీళ్లు తాగితె కడుపు పట్టేస్తది, చుక్క ముట్టొద్దు" అంటే మాత్రం బుద్ధిగా తలూపాను. (ఈల ఆయనదే. ట్రాక్‌సూట్ కూడా ఉంది.) ఆయన మోటారుసైకిలు మీద మా వెంటే వచ్చాడు. ఝరాసంగం రోడ్డులో కొంత దూరం పోయి వెనక్కి తిరిగేసరికి నా నాలుక అంగిలికి అతుక్కుంది. తారు రోడ్డు నీళ్లలా మెరుస్తుంటే, అందులో ఈదుతున్నట్టు చేతులాడించానట. కాళ్లు ఆగుదామంటున్నాయి. ఆగితే హైదరాబాద్ లేదు.

అప్పుడు వెనక నుంచి వచ్చిన షేర్ ఆటో ఒకటి పక్కన ఆగింది. అందులోంచి మా చిన్నమ్మ దిగింది. అమ్మకు చెల్లెలు, ఝరాసంగం దగ్గరి పల్లె మనిషి, నా పందెం చూడ్డానికే బయల్దేరింది. చేతిలో నీళ్ల డబ్బా. కుచ్చిళ్లు ఎగదోపి నాతో పాటు పరుగందుకుంది.

"ఆగకు బిడ్డా! ఆగితె మీ నాయన గెలుస్తడు. నోరు తెరువు!"

"నీళ్లు... తాగొద్దన్నడు... సార్..."

"ఏ సారు? గీ బండి మీద కూసున్న సారా?"

పీటీ సార్ ఈల ఊదాడు. "ఓ అమ్మా, జరుగు! నీళ్లు తాగితె పడిపోతది!"

"తాగకనే పడిపోతున్నది, కానొస్తలేదా? నువ్వు దిగి ఉరుకు సారూ, గప్పుడు చెప్పు!"

నోరు తెరిచాను. సగం ముక్కులోకి పోయింది, కొంత చెవిలోకి. మిగిలింది గొంతులోకి దిగింది, ప్రాణం లేచొచ్చింది. కడుపు ఇప్పుడు పట్టేస్తుంది, ఇప్పుడు పట్టేస్తుందని ఎదురుచూస్తూ పరుగెత్తాను. అది పట్టలేదు. హైవే మీదికి రాగానే, కొత్త ట్రాక్టర్లు మోసుకుపోతున్న లారీ డ్రైవరు మా జంటను చూసి దారి పొడుగునా హారన్ కొట్టాడు.

గీత ముందు దాటింది చిన్నమ్మే. ఎవరో ఆమె మెడలో దండ కూడా వేశారు. వెనకాలే నేను, పందెంలో అందరికన్నా ఆఖరున.

"ఆగిందా?" అన్నాడు నాన్న.

"ఆగలే బావా, పక్కపొంటి ఉరికిన నేనే సాక్ష్యం. మాట తప్పితె నిన్ను గూడ ఉరికిస్త!"

నాన్న నవ్వేశాడు, మాట నిలబెట్టుకున్నాడు. చిన్నమ్మ నా తల తుడుస్తూ, "రాహుకాలం పోయినంక ఇడిసిన్రు గాబట్టి గట్టెక్కినవ్," అంది. వాదించడానికి నోరు తెరిచాను. ఇంకో గుక్క పోసింది.

కానిస్టేబుల్ ఉద్యోగం నాకు రాలేదు. హైదరాబాద్ మాత్రం దక్కింది. అక్కడి గ్రంథాలయాలు, చర్చలు, ఈ రాతలు, అన్నీ ఆ మధ్యాహ్నం చిన్నమ్మ నాకు ఇప్పించినవే. ముక్కులోంచి నీళ్లు కారుతున్నా వాదనకు దిగబోయిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. మీ ఇంటి ఆడపిల్ల పరుగెత్తుతానంటే షరతులు పెట్టకండి. లేవండి, ఆమె పక్కన పరుగెత్తండి.