మైకు ఆపినా వినిపించిన గెడ్డ

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకం. కంప్యూటర్ల మధ్య ఇన్నేళ్ళు గడిపినవాడిగా నాకు తెలిసింది ఒకటే. ఏదైనా వింతగా జరిగిందంటే ఎక్కడో ఒక సెట్టింగు తప్పు ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్కదానికి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

అప్పుడు నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆఫీసంటూ ఎక్కడా లేదు. అందరం ఎవరి ఇళ్ళలో వాళ్ళం కూర్చుని పనిచేసేవాళ్ళం. నాది విజయనగరం. ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చన్నారు కదా అని డుంబ్రిగుడ దాటాక కొండవాలు మీది ఒక చిన్న ఊళ్ళో పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాను. ఊళ్ళోకి అప్పటికే ఇంటర్నెట్ తీగ వచ్చింది. ముందు గదులు నావి, వెనక గది ఇంటావిడ సుక్రమ్మది.

సుక్రమ్మ ముసలావిడ. భర్త పోయాక ఒక్కతే ఉండేది. పైన కొండ మీద ఆమెకు కాస్త కాఫీ తోట, మిరియాల తీగలు ఉండేవి. నేను మామ్మా అని పిలిచేవాణ్ణి, ఆమె బాబూ అనేది. నేను రోజంతా తెరతో మాట్లాడుతుంటే మొదట్లో గుమ్మం దగ్గర నిలబడి చూసేది. వాళ్ళంతా ఎక్కడున్నారని ఒకసారి అడిగింది. కాకినాడలో ఒకరు, తిరుపతిలో ఒకరు అని చెప్పాను. అంత దూరం మాట వెళ్తోందంటే నేను చాలా గట్టి గొంతున్నవాణ్ణని ఊళ్ళో చెప్పుకుంది.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. పని గంటల్లో మా జట్టంతా ఒక వాయిస్ రూములో ఉండేవాళ్ళం. మీటింగు కాదు, ఊరికే. మైకులు తెరిచి పెట్టుకుని ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళం. ఒంటరిగా ఉన్నామనిపించకూడదని పెట్టిన ఏర్పాటు అది. దానికి అరుగు అని పేరు కూడా పెట్టుకున్నాం.

ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆ మనుషుల మొహాల కన్నా వాళ్ళ ఇళ్ళ చప్పుళ్ళే ముందు గుర్తొస్తాయి. కాకినాడలో సుధ గారి కుక్కర్ కూత వినిపిస్తే మాకందరికీ ఆకలేసేది. తిరుపతిలో ఇర్ఫాన్ వాళ్ళ సందులో ప్రెషర్ హారన్ కొట్టే బండి ఒకటి రోజూ వచ్చేది, అది రాకపోతే ఏమైందోనని మేమే అడిగేవాళ్ళం. వాళ్ళనెవరినీ అప్పటికి నేను నేరుగా చూడలేదు. అయినా వాళ్ళ ఇంట్లో ఏ తలుపు కిర్రుమంటుందో తెలుసు.

మా ఇంటి నుంచి వాళ్ళకు సుక్రమ్మ వినిపించేది. చోళ్ళు, అదే రాగులు, దంచడం, కోళ్ళను పిలవడం, పెరట్లో గిన్నెలు తోముతూ తన భాషలో ఏదో పాడుకోవడం. ఆమె కాసేపు మాట్లాడకపోతే మీ మామ్మ ఎక్కడికెళ్ళింది అని సుధ గారు అడిగేవారు.

తర్వాత నన్ను జట్టుకు లీడ్‌ని చేశారు. విదేశీ క్లయింట్లతో కాల్స్ మొదలయ్యాయి. నాకు కాస్త తలకెక్కింది. ఒకరోజు కాల్ మధ్యలో కోడి కూస్తే అవతలి వాళ్ళు నవ్వారు. సరదాగానే నవ్వారు. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. కాల్ అవగానే వెనక గదికి వెళ్ళి, నేను మాట్లాడుతున్నప్పుడు చప్పుడు చేయొద్దని, ఇక్కడి ప్రతి శబ్దం ఆ దేశం దాకా వెళ్తుందని, నా ఉద్యోగానికే మోసమని సుక్రమ్మతో చెప్పాను. గొంతు పెంచలేదు. పెంచకుండానే నొప్పించే విధంగా మాట్లాడటం నాకు బాగా వచ్చు.

ఆమె తల ఊపింది. మర్నాటికల్లా కోళ్ళను పక్క వీధిలో చెల్లెలి వరసావిడకు ఇచ్చేసింది. చోళ్ళు దంచడానికి వేరే ఇంటికి వెళ్ళేది. గిన్నెలు పెరట్లో తోమడం మానేసి, బుట్టలో పెట్టుకుని గెడ్డకు దిగేది. గెడ్డంటే కొండ వాగు. మా ఇంటి వెనక చిన్న మిట్ట ఎక్కి అవతలికి దిగితే వస్తుంది. దారంతా రాళ్ళు, పైగా ఆ వయసు. నేను చూశాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉందని సంతోషించాను తప్ప ఒక్క మాట అనలేదు.

ఆ రోజు డుంబ్రిగుడలో సంత. ఊరంతా అక్కడికే వెళ్ళింది. నాకు పెద్ద క్లయింటుకు డెమో ఉంది. దానికి ముందు అరుగులో ఒకసారి రిహార్సల్ వేసుకుంటున్నాం. ఎండ బాగానే ఉంది కానీ చలికాలం కావడంతో స్వెటర్ వేసుకునే కూర్చున్నాను.

ఎవరింట్లోనో కుళాయి వదిలేశారని ఇర్ఫాన్ అన్నాడు. ఎవరి మైకులోంచి శబ్దం వస్తే వాళ్ళ పేరు చుట్టూ పచ్చటి గీత వెలుగుతుంది. అది నా పేరు చుట్టూ వెలుగుతోందన్నారు.

నేను నవ్వాను. మా ఇంట్లో కుళాయే లేదు. పంచాయతీ పంపు దగ్గర పట్టుకొచ్చిన నీళ్ళు డ్రమ్ములో పోసుకుంటాం. అయినా లేచి పెరట్లోకి వెళ్ళి చూశాను. డ్రమ్ము మూత వేసే ఉంది. వాన లేదు. ఎక్కడా నీటి చప్పుడు లేదు. తిరిగొచ్చి అదే చెప్పాను.

"మరి పక్కన జలపాతం పెట్టుకుని కూర్చున్నారేమిటండీ లీడ్ గారూ, మాకు చలేస్తోంది" అని సుధ గారు ఎగతాళి చేశారు.

నేను మైకు మ్యూట్ చేశాను. అయినా వస్తోందని చాట్‌లో రాశారు. హెడ్‌సెట్ తీగ ఊడపీకేశాను. అయినా వస్తోందట. అప్పటిదాకా హాస్యమాడుతున్న వాళ్ళు ఆగిపోయారు. స్పీకర్‌లో సుధ గారి గొంతు వినిపించింది, ఈసారి మెల్లగా.

"నీళ్ళొక్కటే కాదండీ. ఎవరో గిన్నెను రాయికేసి కొడుతున్నారు. కొడుతున్నారు, ఆపుతున్నారు, మళ్ళీ కొడుతున్నారు."

నీళ్ళు, రాయి, గిన్నె కలిసే చోటు ఆ ఇంటికి సంబంధించి ఒక్కటే ఉంది. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలియలేదని తర్వాత చాలామందికి చెప్పాను. అది అబద్ధం.

అదే సమయానికి క్లయింటు వాళ్ళు వేరే లింకులో చేరారని కబురొచ్చింది. నేను తీగ మళ్ళీ గుచ్చి ఆ మీటింగులోకి వెళ్ళాను. అక్కడ ఎవరికీ ఏ చప్పుడూ వినిపించలేదు. చూశావా, అరుగులోనే ఏదో సాంకేతిక లోపం అని నాకు నేనే చెప్పుకుని డెమో మొత్తం ఇచ్చాను. బాగా ఇచ్చాను. వాళ్ళు అడిగిన ప్రశ్నలకు జోకులు కలిపి మరీ జవాబులు చెప్పాను. అందరూ అభినందించాకే లేచి మిట్ట ఎక్కాను.

సుక్రమ్మ రాళ్ళ మధ్య పడి ఉంది. ఒక కాలు వంకరగా నీళ్ళలో ఉంది. పెదవులు నల్లబడిపోయాయి. చేతిలో సొట్టలు పడిన సత్తు గిన్నె ఇంకా వదల్లేదు. నన్ను చూసి ఆమె మొదట అడిగింది ఇదీ:

"మీటింగు అయిపోనాదా బాబూ?"

అయిందన్నాను. ఎందుకు కేకెయ్యలేదని అడిగాను.

"కేకేస్తే నీ కంప్యూటర్లోకి ఎలిపోద్ది గదా. అందుకే గిన్నె కొట్టినాను, మెల్లగా."

ఒక్కణ్ణే ఆమెను నీళ్ళలోంచి బయటికి లాగి, నా స్వెటర్ కప్పి, దారిలోకి పరిగెత్తాను. సంత నుంచి తిరిగొస్తున్నవాళ్ళు డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అక్కణ్ణించి అంబులెన్సులో అరకు, తర్వాత విశాఖ తీసుకెళ్ళాం. తొడ ఎముక విరిగింది. అతికింది కానీ కాలు కాస్త పొట్టిదైపోయింది. నేను ముందే వెళ్ళి ఉంటే వేరేలా ఉండేదా అని డాక్టర్‌ని అడగలేదు. ఏం చెబుతారోనని భయపడ్డాను. ఆమె మళ్ళీ తన కాఫీ తోట దాకా ఎక్కలేకపోయింది.

ఆ చప్పుడు సంగతి నేను వదిలిపెట్టలేదు. ఆమె పడ్డ చోటే ఒక మనిషిని కూర్చోబెట్టి గిన్నెను గట్టిగా కొట్టించాను. ఇంట్లో నా చెవికి కూడా వినిపించలేదు, ఇక మైకు సంగతి సరే సరి. అరుగులో మాటలు రికార్డయ్యేవి కావు. కానీ ఎవరి మైకు ఎప్పుడు ఆగిందన్నది సర్వర్లో ఉంటుంది. ఇర్ఫాన్ తీసి చూశాడు. ఆ సమయంలో నా మైకు ఆపేసి ఉంది. సుధ గారినీ ఇర్ఫాన్‌నీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ ఒకే రకంగా చెప్పారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక కోళ్ళను నేనే వెనక్కి తెచ్చాను. నా మైకు ఎప్పుడూ తెరిచే ఉండేది. మధ్యాహ్నాలు ఆమె నా గుమ్మంలో ఎండకు కూర్చుంటే సుధ గారు స్పీకర్‌లో పలకరించేవారు. కాలెలా ఉందంటే, మీ కుక్కరెలా ఉందని ఈవిడ అడిగేది. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి రోజులు మళ్ళీ రాలేదు. తర్వాత కంపెనీ చేతులు మారింది, అరుగు మూసేశారు. సుక్రమ్మ కూడా పోయింది. ఇప్పుడు నేను విశాఖలో ఒక ఆఫీసులో కూర్చుంటాను. చుట్టూ మనుషులుంటారు, అందరి చెవుల్లోనూ హెడ్‌ఫోన్లే.

సుక్రమ్మ ఉన్న రోజుల్లో, అలా గుమ్మంలో కూర్చున్న ఒక మధ్యాహ్నం ఆమెకు జరిగిందంతా చెప్పాను. ఆ గిన్నె చప్పుడు కాకినాడలో, తిరుపతిలో వినిపించిందని, మ్యూట్ చేసినా ఆగలేదని చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు. చాటలో బియ్యం ఏరడం ఆపి నావైపు చూసింది.

"ఆలకి ఇనిపించీసింది గదా. ఆలు నీకు సెప్పినారు గదా. మరి నువ్వు బేగి రాలేదేటి?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది.

ఆ చప్పుడు అంత దూరం ఎలా వెళ్ళిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె అడిగినదానికి మాత్రం జవాబు తెలుసు. కాల్ వచ్చిందని చెప్పి లోపలికి లేచి వెళ్ళాను. కాల్ ఏదీ రాలేదు.