లైకులు తాగి పెరిగిన బుగ్గలు

జెర్సీ సిటీలో ఆ అపార్ట్‌మెంట్ మొత్తానికి ప్రసిద్ధుడు మతేయో. వయసు ఏడాదిన్నర. తల్లి యెసేనియా ఈక్వడార్ నుంచి వచ్చి సెలూన్‌లో పనిచేస్తుంది. కొడుకు సీసా ఎత్తి గటగటా పాలు తాగుతుండగా ఆమె తీసిన వీడియోకి లైకులు కుప్పలుగా పడ్డాయి.

అవి డబ్బాపాలు. ఫోన్‌లో వచ్చే వీడియోల్లో స్పానిష్ మాట్లాడే ఒకావిడ చెబితే కొన్నది. ఆవిడ డాక్టరేమీ కాదు; మెడలో స్టెతస్కోప్ మాత్రం వేసుకుంటుంది. "అమ్మలూ, పప్పుసూప్‌లో నీళ్లు తప్ప ఏముంది? మీ బిడ్డ మెదడు ఎదగొద్దా?" అంటూ డబ్బా చూపిస్తుంది. క్లినిక్‌లో స్పానిష్ వచ్చిన మనిషి కోసం పడిగాపులు పడాల్సిన దేశంలో, స్పానిష్‌లో డబ్బాలు అమ్మేవాళ్లు మాత్రం పడకగది దాకా వచ్చేస్తారు.

యెసేనియా అత్తగారు ఒఫేలియా మనవణ్ని "గోర్దీతో" అని పిలుచుకుని మురిసిపోయేది. బొద్దుబాబు అని దానర్థం. వాళ్ల ఇళ్లలో తల్లికి అంతకంటే మంచి సర్టిఫికెట్ లేదు.

మన ఇళ్లలో మాత్రం ఉందా? పై ఫ్లోర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ చంద్రిక, లాండ్రీ రూమ్‌లో యెసేనియాను పట్టుకుంది.

"ఆ డబ్బా లింక్ పంపవా, ప్లీజ్! మా ఆరుష్ ముద్ద పెడితే ఉమ్మేస్తాడు. వీడియో కాల్‌లో మా అమ్మేమో, పిల్లాడికి అసలు తిండి పెడుతున్నావా అని ఒకటే క్లాసు."

లింకు, వీడియో వెంటనే తెలుగు అమ్మల వాట్సాప్ గ్రూప్‌లోకి వెళ్లాయి. నమ్రత వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఒసేయ్, ఆ చీక్స్ చూశావా! ఆర్డర్ చేసేశా. రాగిజావ పెట్టడం మానేశానని మా అత్తగారికి తెలిస్తే ఫస్ట్ ఫ్లైట్ ఎక్కేస్తుందే!"

డబ్బా మీదున్న స్పానిష్‌లో ఒక్క ముక్క వీళ్లెవరికీ రాదు. చదువుకున్నవాళ్లు కదా, బుగ్గలు చదివి కొనేశారు.

ఈలోగా మతేయో ఆడటం తగ్గించాడు. ఎప్పుడూ భుజం మీద వాలి ఉండేవాడు. క్లినిక్‌లో వేలికి సూది గుచ్చి చూశారు.

"రక్తం బాగా తక్కువుంది. ఏం తింటాడు?" అని డాక్టర్ అడిగింది.

"పాలు తాగుతాడు. తిండి పెడితే మూతి తిప్పేస్తాడు. ఆకలే వేయదు," అంది యెసేనియా.

"రోజంతా పాలతో కడుపు నింపితే ఆకలెక్కడ వేస్తుంది? తిండి లేకపోతే రక్తం ఎలా పడుతుంది?"

ఒఫేలియాకు కోపం వచ్చింది. "రక్తం లేదా? ఈ బుగ్గలు చూసి మాట్లాడండి!"

డాక్టర్ ఐరన్ చుక్కలు రాసి, పాలు తగ్గించి పప్పు, మాంసం పెట్టమంది. ఇంటికొచ్చేసరికి డబ్బాపాల కంపెనీ నుంచి మెసేజ్: ఇలాంటి వీడియోలు ఇంకొన్ని చేస్తే డబ్బాలు ఉచితం! యెసేనియా స్టెతస్కోప్ ఆవిడ పేజీలో జరిగింది రాసింది. కాసేపటికి ఆ కామెంట్ మాయమైంది. స్టెతస్కోప్ మాత్రం చెక్కుచెదరలేదు. యెసేనియా తన వీడియో తీసేసింది.

సాయంత్రం చంద్రిక తలుపు తట్టింది. "వీడియో డిలీట్ చేశావేంటి? మా గ్రూప్‌లో అందరూ అడుగుతున్నారు."

"ఆరుష్ తాగుతున్నాడా?"

"ఆ, ఫుల్‌గా! అన్నం మానేశాడు. ఇల్లు పీస్‌ఫుల్‌గా ఉంది."

"వాడికి బ్లడ్ టెస్ట్ చేయించు." యెసేనియా క్లినిక్ సంగతంతా చెప్పింది.

"మరి అన్ని లైక్స్..."

"లైక్ కొట్టినవాళ్లు ఎవరూ నా కొడుకు వేలికి సూది గుచ్చి చూడలేదు, చంద్రికా."

చంద్రిక ఫోన్ తీసి ఆ సంగతే గ్రూప్‌లో టైప్ చేస్తూనే మెట్లెక్కింది.

మర్నాడు ఉదయం మతేయో ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. ఒఫేలియా సీసా అందుకుంది. "ఇచ్చెయ్, మిహా, నా తల్లీ! పసివాణ్ని చంపుతావా?"

"వద్దత్తయ్యా. వాడికి ఆకలేస్తోంది. వేయనివ్వండి."

పప్పుసూప్‌లో మెత్తగా మెదిపిన అన్నం నోటికి అందించింది. మతేయో మొదటి చెంచా ఆమె చొక్కా మీదే ఉమ్మేశాడు. తర్వాతది కాసేపు చప్పరించి, ఏడుపు ఆపకుండానే మళ్లీ నోరు తెరిచాడు.