శవాసనం అని భయపెట్టాను

నేనాడిన ఒక మాటను నలభై ఏళ్ళుగా మోస్తున్నాను. మా అమ్మాయికి కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో గుంటూరు దగ్గర మిరప కల్లాల్లో తొడిమలు తీసే పనికి వెళ్ళేదాన్ని. ఒక మధ్యాహ్నం యోగా నేర్పే అమ్మగారు వచ్చారు. దేశదేశాలు తిరిగి యోగా నేర్పి, వచ్చిన ఫీజుతో ఆడపిల్లల్ని చదివిస్తారట, ఆఫ్రికాలో కొందరిని, మన దగ్గర కొందరిని. ఎక్కడో ఎవరో నడుం వంచితే ఇక్కడో పిల్ల బడికి ఎలా వెళ్తుంది? ఆ సంగతి నాకు ఇప్పటికీ వింతే. ఆవిడ మమ్మల్ని గోనెపట్టాల మీద పడుకోబెట్టి శవాసనం వేయించారు. నేను గురకపెట్టి నిద్రపోయాను. శవం గురక పెడుతోందని అందరూ ఒకటే నవ్వు.

అప్పుడే ఆవిడ సలోమిని చూశారు. పక్కింటి రాహేలు కూతురు, పదేళ్ళది. నా చంటిపిల్లను చంకనెత్తుకుని, బస్తా మీది అక్షరాలను పుల్లతో మట్టిలో దించుతోంది. ఆ పిల్లను హాస్టల్లో పెట్టి చదివిస్తానని, వాళ్ళమ్మను అడిగి చెప్పమని నాతో అన్నారు. రాహేలు ఆ రోజు పొగాకు పనికి పోయింది. సాయంత్రం చెప్పాను.

"మంచిదేగా వదినా. అక్కడేం చేయిస్తారంట?"

"శవాసనం వేయిస్తారు."

"అదేంటి?"

"శవంలాగా పడుకోబెడతారు రాహేలూ. కదలకూడదు, మెదలకూడదు."

"ఓరి నాయనో! బతికున్న పిల్లనా? బుద్ధుందా వాళ్ళకి? నే పంపనని చెప్పెయ్."

చూశారా, ఒక్క అబద్ధం లేదు. అది కాసేపేనని, ఆ కాసేపు నేను హాయిగా నిద్రపోయానని మాత్రం చెప్పలేదు. ఎందుకు? సలోమి వెళ్తే నా బిడ్డను ఎవరెత్తుకుంటారు, నేను పనికెలా వెళ్తాను? అంతేనా? లేక పదేళ్ళప్పుడు నన్నెవరూ అలా అడగలేదనా? ఎంత తవ్వి చూసుకున్నా అడుగు కనపడదు.

"వాళ్ళమ్మ ఒప్పుకోలేదండి" అని ఆవిడకు చెప్పాను. అదీ నిజమే.

కొన్నేళ్ళకు ఆవిడ మళ్ళీ వస్తే నా బిడ్డను నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అప్పగించాను. అది టీచరైంది. నాకు యాభై దాటాక నాతో అక్షరాలు దిద్దించింది అదే. సలోమి వేటపాలెంలో జీడిపిక్కలు కొడుతోంది. ఆ పిక్కల తొక్కలో ఉండే నూనెకు వేళ్ళు నల్లబడిపోయాయి. క్రిస్మస్‌కు వచ్చినప్పుడల్లా, "నేనెత్తుకుని పెంచిన పిల్ల టీచరమ్మ!" అని అందరికీ చెప్పి మురిసిపోతుంది. నేను లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళిపోతాను.

ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. సలోమి అనే పేరు నా చేత్తో రాయడం ఇదే మొదలు. తనకు చదవడం రాదు. నేనే చదివి వినిపించాలి, చివరిదాకా చదవగలనో లేదో. రాయడమైతే రాశాను. ఊపిరి కాస్త తిన్నగా ఆడుతోంది.