కరుణ సిస్టర్ నేర్పిన వాక్యం

ఇవాళ పొద్దున మా ఊరి ఆసుపత్రి వరండా కడుగుతుంటే బ్లీచింగ్ నీళ్ల ఘాటు ముక్కుకు తగిలింది. ఒక్కసారిగా రియాద్‌లోని మా ఆడవాళ్ల హాస్టలు, అందులో ఒక్కచోట కుదురుగా నిలబడలేని కరుణ సిస్టర్ గుర్తొచ్చారు.

గల్ఫ్ యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది. కిటికీ అద్దాలకు ఆ రోజుల్లో క్షిపణుల భయంతో అంటించిన టేపు మరకలు ఇంకా పోలేదు. రాయచోటి నుంచి వెళ్లిన నేను అక్కడి ఆసుపత్రిలో ఊడ్చే పని చేసేదాన్ని. కరుణ సిస్టర్ గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు. శుక్రవారాలు భోజనాల గదిలో మా పదిమందికి అరబ్బీ నేర్పేవారు. అనుమతి లేని క్లాసు కాబట్టి ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని చెబుతూ చెబుతూనే తలుపు వైపు చూసేవారు. నీళ్లు, చీపురు, జీతం లాంటి మాటలన్నీ అయ్యాక ఒక శుక్రవారం ఒంటికి సంబంధించిన మాటలు మొదలుపెట్టారు. నెలసరి, దురద, మంట, 'నన్ను ముట్టుకోవద్దు'. మేం కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

"నవ్వడం అయిపోతే చెప్పండి. డాక్టరమ్మ ముందు నోరు పెగలకపోతే రోగం ముదిరేది మీకే, నాకు కాదు."

నాకు అప్పటికే ముదురుతోంది. సెలవుకు వెళ్లి మొగుడి దగ్గర నెల రోజులుండి వచ్చినప్పటి నుంచీ దురద, తెల్లబట్ట. మూడు వారాలుగా దాస్తున్నాను. మొగుడు దగ్గర లేని ఆడదానికి ఇలాంటి రోగమంటే ఏమనుకుంటారు? పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఊరికి పంపేస్తారని భయం.

క్లాసయ్యాక సిస్టర్ నన్ను ఆపారు. "ఇందాకట్నుంచి కుర్చీలో అలా కదులుతున్నావేంటమ్మా?"

"ఏం లేదు సిస్టర్."

"ఏం లేకపోతే ఏడుపెందుకు?"

చెప్పేశాను. ఓదారుస్తారనుకుంటే పాఠం అందుకున్నారు. "కుంత్ ఇంద్ జౌజీ. నా మొగుడి దగ్గర ఉండి వచ్చానని. అను." ఇరవైసార్లు అనిపించారు. డాక్టరమ్మ దగ్గరికి తోడు రమ్మంటే రానన్నారు. "నేనొస్తే ఆవిడ నన్నే అడుగుతుంది. ఒళ్లు నీది, నువ్వే చెప్పాలి."

చెప్పాను. ఈజిప్టు డాక్టరమ్మ నా ముఖంలోకి ఒకసారి చూసి, పరీక్ష చేసి, మాత్రలు రాసింది. మొగుడు కూడా మందు వాడాలంది. అక్కడ పడింది చిక్కు. ఆయనకు చదువు రాదు. ఉత్తరం రాస్తే మా బావగారే చదివి వినిపిస్తారు. ఊళ్లో ఫోను బూత్ చుట్టూ ఎప్పుడూ జనం. సిస్టరే దారి చూపారు. "అడిగేదంతా నువ్వడుగు. అతను ఊ, ఊహూ అంటే చాలు."

ఫోనులో అడిగాను. "నీగ్గూడా మంట ఉండాదా?"

"ఊ."

"వేరేదాని కాడికి పోయినావా?"

లైనులో గరగర. దాని వెనక నుంచి, "ఊ."

"పెద్దాస్పత్రికి పో. పోయి ఇదే చెప్పు," అని పెట్టేశాను.

"ఇప్పుడేం చేయాల సిస్టర్?" అని అడిగితే ఆవిడ గదిలో అటూ ఇటూ తిరిగి, "నాకు తెలీదమ్మా," అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం తెచ్చి ఇక్కడ వదిలేస్తారా అనిపించింది. ఆ కోపం తీరకముందే ఎవరో పైవాళ్లకు చెప్పి క్లాసు ఆపించారు, ఆవిడను దూరంగా హాయిల్ అనే ఊరి ఆసుపత్రికి మార్చారు. మళ్లీ చూడలేదు.

రెండేళ్లకు సెలవుకు వెళ్లాను. బస్టాండులో ఆయన నా పెట్టె అందుకోబోయాడు. నేనివ్వలేదు.

"ముందు ఆస్పత్రికి పోదాం పా. ఇద్దరం రక్తపరీక్ష చేయించుకుందాం. కాయితం వచ్చినాకే ఒక గదిలో పండుకునేది."

ఆయన ముఖం నల్లబడింది. "నన్ను నమ్మవా?"

"నమ్మను."

అయినా నా వెనకే వచ్చాడు. ఇద్దరికీ ఏమీ లేదని తేలింది. కాపురం నిలిచింది. ఇప్పటికీ ఆయన్ను పూర్తిగా నమ్మను, కానీ ఏదైనా సూటిగా అడగడానికి భయపడను. ఆ భయం పోగొట్టినావిడ ఏ ఊళ్లో ఉన్నారో, అసలు ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు.