పొగగొట్టాల మిర్వా, ఒంటికాలి పాఠం

మిర్వా తాగి బాలే నాట్యం తరగతికి వచ్చిందట. కమ్మీ పట్టుకుని వేలాడి, దాంతోపాటు తోటి ఆడవాళ్లందర్నీ నేలకీడ్చిందట. ఆ రేవు ఊరంతా ఇదే మాట. రొట్టెల కొట్టు సిర్పా అయితే పక్కనే ఉండి చూసినట్టు చెప్పేది.

"ఇంటి కప్పు మీంచి పడిందంటే పాపం, తడి అనుకున్నాం. మరి హాల్లో చెక్క నేల మీద ఏం తడుందమ్మా?"

మిర్వా పని పొగగొట్టాలు తుడవడం. పోయిన శరత్కాలంలో తడిసిన రేకు కప్పు మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ, నిచ్చెన రెండో మెట్టు ఎక్కేసరికి ఆ కాలు గడగడా వణికేది. మేస్త్రి ఔలిస్ ఆమెని కింద ఇళ్లలో పొయ్యిల మసి తోడే పనికి మార్చాడు.

"మంచు కరిగేదాకా చూస్తాను. అప్పటికీ ఎక్కలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాను. నిన్ను మళ్లీ కింద ఏరుకునే ఓపిక నాకు లేదు" అన్నాడు.

ఆమెకు వచ్చిందల్లా ఆ పనొక్కటే. ఆసుపత్రిలో కాలికి కసరత్తు చేయించే ఆవిడ, "ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకో. కార్మికుల హాల్లో పెద్దవాళ్లకి బాలే మొదటి పాఠాలు చెబుతున్నారు, వెళ్లు" అంది. గోళ్లలో మసి, మగవాడి భుజాలు. సిగ్గుతో చితికిపోయినా మిర్వా వెళ్లింది.

హాలు నడుమ, అందరూ పట్టుకుని సాధన చేయడానికి, రెండు కాళ్ల మీద నిలబెట్టిన ఇనుప కమ్మీ ఉండేది. మిర్వా దాన్ని నిచ్చెన మెట్టులా బిగించి పట్టుకునేది. ఎత్తు మీద పనిచేసేవాళ్లకి చేతిపట్టే ప్రాణం. మెత్తటి జోళ్లలో కాలివేళ్లు కూడా ముడుచుకుపోయేవి.

"వేళ్లు విప్పు తల్లీ" అనేది టీచర్ అన్నెలి, బక్కపలచటి ముసలావిడ. "నేలని ఎందుకట్లా రక్కుతావు? అదెక్కడికీ పారిపోదు."

"మరి చేతిని ఎలా పెట్టాలి, టీచర్?"

"పిచ్చుక వాలినట్టు ఆనించు, చాలు. కమ్మీ నిన్ను మొయ్యదు. బరువంతా దాని మీద వేస్తే నీతోపాటు అదీ పడుతుంది."

"వదిలేస్తే పడిపోతాను."

"పడు. నేల ఇక్కడే ఉంది, కప్పు కింద ఎక్కడో లేదు."

ఆ మాట మిర్వాని ఇంటిదాకా వెంటాడింది. బంగాళాదుంపల తొక్క తీస్తూ ఒంటికాలి మీద నిలబడేది. ఎదురింటి పొగగొట్టం మీద చూపు నిలిపి, పొట్ట లోపలికి లాక్కుని, కింది కాలితో నేలని నొక్కేది. తూలేది, తిట్టుకునేది, మళ్లీ నిలబడేది.

చూరుల నుంచి మంచు కరిగి చుక్కలు రాలే రోజులొచ్చాయి. ఆ సాయంత్రం టీచర్ అందర్నీ ఒక పాదం రెండో కాలి చీలమండకి ఆనించి, ఆ కాలి మునివేళ్ల మీద లేవమంది. లేచారు. కమ్మీ ఊగింది, కిర్రుమంది, దభాలున పడింది. కేకలు, నవ్వులు. ఒకావిడ మోచెయ్యి గీరుకుపోయింది. ముందు లాగింది తానేనని ఎవరూ ఒప్పుకోలేదు. ఇదివరకే పడిన మనిషి పేరు అందరి నోటికీ తేలిగ్గా అందింది.

మర్నాడు ఔలిస్ బండిలో బ్రష్షులు సర్దుతూ, "తాగావటగా?" అన్నాడు.

"లేదు మేస్త్రీ."

"పోనీలే. కమ్మీ పట్టుకుని కూడా నిలబడలేని మనిషిని నేను కప్పెలా ఎక్కించను, నువ్వే చెప్పు."

 వీధిలో జనం నిలబడి చూస్తున్నారు. చిన్నప్పుడు బడిలోనూ అంతే, నలుగురు చూస్తే ఆమెకు మాట పెగిలేది కాదు. మసి బకెట్టు అందుకుని లోపలికి వెళ్లింది. ఆ వారంలోనే పక్క ఊరి నుంచి కొత్త మనిషి వచ్చి నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

కమ్మీ పడినప్పుడు మిర్వా చెయ్యి దాని మీద లేదు. అందరూ కిందపడి లేస్తుంటే, ఆమె ఇంకా ఒంటికాలి మునివేళ్ల మీదే నిలబడి ఉంది.