పశులకొట్టం గడపరాయి

2016 నవంబరు ఎనిమిది, మంగళవారం, పగలు పదకొండు గంటలు. పడమటి గాలి, విడువని సన్నజల్లు. రాస్‌కామన్ జిల్లా మూలనున్న ఆ పొలంలో, వెయ్యేళ్లనాటి గుండ్రని మట్టికోటను కొలిచి, పురాతన కట్టడాల ఉద్యోగిని డింప్నా స్కాహిల్ కట్ట దిగి వచ్చేసరికి, పొలం ఆసామి బార్ట్లీ కన్‌క్యానన్ కంచెగుంజకు ఆనుకొని నిలుచున్నాడు. వయసు డెబ్బయ్యారు.

"యాభై ఏళ్లుగా దీని చుట్టూ ట్రాక్టరు తిప్పీ తిప్పీ నా నడుమూ గుండ్రంగా వంగిపోయిందమ్మా. మీ చట్టం సంగతి దేవుడెరుగు, మా నాన్న దీన్ని దున్నాలంటేనే వణికేవాడు."

"మా చట్టం కంటే ఆయన వణుకే బాగా పనిచేసింది, బార్ట్లీగారూ."

అతడు నవ్వలేదు. ఆమెను పశులకొట్టం వాకిటికి తీసుకుపోయి, గడపగా పరచిన పలకరాయిని చూపించాడు.

"ఇది కోటలోదే. ఇరవైరెండేళ్లప్పుడు నేనే పెరికి తెచ్చాను. చదునుగా ఉంది, గడపకు సరిపోతుందనుకున్నా. అమ్మ మారుమాట అనలేదు. కానీ ముప్పై ఏళ్లు, రెండు చేతులా పాలబకెట్లున్నా సరే, దీన్ని తొక్కకుండా దాటేది. మోకాలినొప్పి కాబోలనుకున్నా. ఆవిణ్ణి పూడ్చిననాడు పిన్ని చెప్పింది, ఇది మా అక్క తలదగ్గరి రాయని. పుట్టగానే, జ్ఞానస్నానం కాకుండానే పోయిందట. చర్చి శ్మశానంలో చోటివ్వలేదు. నాన్నే కోటలో పాతిపెట్టాడు. దీన్ని తిరిగి అక్కడ పెట్టనివ్వమ్మా. జరిమానా ఎంతైనా వేసుకో."

"సరిగ్గా ఎక్కడినుంచి తీశారు?"

"అదే గుర్తులేదు. కోట లోపల ఇలాంటి పసిబిడ్డల రాళ్లు ముప్పై ఉన్నాయి."

ఆమె పుస్తకం మూసింది. "చోటు తెలియకుండా పెడితే మరొకరి బిడ్డమీద పెట్టినవాళ్లమవుతాం. తవ్వి చూడనివ్వరు. పైవాళ్లను అడుగుతాను. ఆశ మాత్రం పెట్టుకోకండి."

"ఆశా? ఆ సరుకు మా ఇంట్లో ఎప్పుడో అయిపోయింది. వానలో నానకు, లోపలికి రా. ఫ్లాస్కులో టీ ఉంది."

డింప్నా బురదబూటు ఎత్తి, రాయిని తాకకుండా దాటింది. వెనుక అతడూ మోకాలు పట్టుకొని దాటాడు.

ఫిబ్రవరిలో జవాబు వచ్చింది: అనుమతి లేదు, ఆ రాయి కోటలోని భాగమే గనుక, ఇప్పుడున్న చోటినుంచి కదల్చరాదు. మరుసటి ఏడు బార్ట్లీ ఆవులను అమ్మివేశాడు. 2019 ఏప్రిల్‌లో మరణించగా, చర్చి శ్మశానంలో తల్లి పక్కన పూడ్చారు. డింప్నా వేరే జిల్లాకు బదిలీ అయింది. కొట్టం కప్పు కూలిపోయింది. రాయి గడపలోనే ఉన్నది.