సువార్తమ్మ కూడికకు వచ్చిన మేక

గోలేటి కాలనీలో పిల్లలకు సూది వేయించాలంటే తల్లులు ముందు సువార్తమ్మ డ్యూటీ ఎప్పుడో కనుక్కునేవారు. ఆమె నర్సు కాదు, దవాఖానలో ఆయా. సూది వేసేది నర్సే. కానీ సూది దిగే ముందు సువార్తమ్మ పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకొని ఆ సూదిని తిట్టేది. నీ మూతి వంకరపోను, నీకు మా బిడ్డనే దొరికిండా, నీకు పెండ్లి కాకుండ పోను అని ఆమె శాపాలు పెడుతుంటే పిల్లవాడు ఏడవడం మరిచిపోయి సూది వైపు జాలిగా చూసేవాడు. ఆలోపు పని అయిపోయేది.

వాళ్ళది మా పక్క క్వార్టర్. పొట్టి మనిషి, గట్టి గొంతు. భర్త అంద్రెయ గని లాంపు రూంలో దీపాలు ఇచ్చే పని చేసేవాడు. ఇద్దరూ గోదావరిఖని నుంచి బదిలీ మీద వచ్చారు. అక్కడున్న రోజుల్లో అంద్రెయ బాగా తాగేవాడట. ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. చేసినవన్నీ ఒప్పుకొని ఏడ్చాడు. ఆ తర్వాత మళ్ళీ ముట్టలేదు. నలుగురిలో నోరు తెరిచి చెప్పుకుంటే ఎంతటి తాగుడైనా పోతుందని సువార్తమ్మకు అప్పుడు కుదిరిన నమ్మకం.

ఎనభై తొమ్మిదిలో ఆమె ప్రతి గురువారం సాయంత్రం దవాఖాన వరండాలో ఒక కూడిక మొదలుపెట్టింది. మతం మాట ఎత్తనంటే సరేనని డాక్టరు ఒప్పుకున్నాడు. తాగేవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి చాపల మీద కూర్చునేవారు. మొదట అంద్రెయ తన కథ చెప్పాలి. వినీ వినీ అది అందరికీ నోటికి వచ్చేసింది. అతను ఎక్కడైనా తడబడితే, సైకిలుతో కాలువలో పడ్డ సంగతి ఇంకా రాలేదని వెనక నుంచి ఎవరో ఒకరు అందించేవారు.

ఆ కూడికకే కుమ్ర జైతును పట్టుకొచ్చింది సువార్తమ్మ. జైతు గోండు. అడవి అంచున ఉన్న మోతుగూడ అతని ఊరు. గనిలో టబ్బులకు బొగ్గు నింపేవాడు. షిఫ్టు దిగగానే దుకాణంలో సారా పొట్లాలు కొనుక్కొని ఒక్కడే ఏ గోడ పక్కనో కూర్చొని తాగేవాడు. ఎవరితో గొడవ లేదు, మాట లేదు. భార్య సోంబాయి రెండేళ్ళు ఓర్చుకొని, ఆ వానాకాలం బిడ్డను చంకనేసుకొని పుట్టినూరు చింతగూడకు వెళ్ళిపోయింది. పోతూ పోతూ విసుర్రాయి పైరాయి ఎత్తుకుపోయింది. కింది రాయి ఒక్కటే క్వార్టర్‌లో మిగిలింది. అలిగిన ఆడది బట్టలు సర్దుకుంటుంది గానీ రాయి మోసుకుపోతుందా అని కాలనీ అంతా నవ్వుకున్నారు.

సోంబాయి బిడ్డకు టీకా వేయించడానికి దవాఖానకు వచ్చినప్పుడు సువార్తమ్మ ఆ సంగతే అడిగింది. సోంబాయి దండారి గురించి చెప్పింది. దీపావళి రోజుల్లో గోండు ఊళ్ళు చేసుకునే పండగ అది. ఒక ఊరి వాళ్ళు డప్పులు, గుమేలాలు కొట్టుకుంటూ తమకు వియ్యం కలిసే ఊరికి విడిది పోతారు. నెమలి ఈకల పెద్ద టోపీలు పెట్టుకొని ముందు ఆడేవాళ్ళు గుస్సాడీలు. ఆ కొద్ది రోజులూ వాళ్ళు దేవుళ్ళతో సమానం. జైతు మంచి గుస్సాడీ అట. అతను ఎగిరి దుంకితే తమ ఊరి ఆడవాళ్ళు పొయ్యి మీది కూర మాడబెట్టుకునేవారట. రెండేళ్ళుగా ఆ టోపీ ముట్టుకోలేదు. ఈ ఏడు మోతుగూడ దండారి చింతగూడకే వస్తుంది.

"ఈసారి ఆయన్ను నిలబడి ఆడుమను అక్కా," అంది సోంబాయి. "నిలబడితే నా రాయి నేనే తెచ్చుకుంట. పడితే నన్ను మరిచిపొమ్మను."

దీపావళికి ఇంకా టైముంది. సువార్తమ్మ జైతును వదల్లేదు. లాంపు రూంలో అంద్రెయ అతనికి దీపం ఇస్తూ గురువారం అని గుర్తుచేయాలి, తీసుకుంటూ మళ్ళీ గుర్తుచేయాలి. చివరికి ఒక గురువారం జైతు వచ్చాడు. అంద్రెయ కథ అయ్యాక సువార్తమ్మ కళ్ళతో సైగ చేస్తే లేచి నిలబడ్డాడు. తల దించుకొని, చేతులు కట్టుకొని, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. తాగి డ్యూటీ ఎగ్గొట్టడం, సోంబాయి వెండి కడియాలు అమ్మేయడం, రాత్రులు నిద్ర పట్టకపోవడం. ఎప్పుడో చిన్నప్పుడు మేనమామ కోడిని దొంగిలించి కాల్చుకు తిన్నది కూడా చెప్పాడు. అంత నిండైన సాక్ష్యం ఆ వరండా ఎన్నడూ వినలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. సువార్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

జైతు మాత్రం కూర్చోలేదు. ఇంకా ఎవరో ఏదో చెప్పాలన్నట్టు చూస్తున్నాడు. కాసేపటికి, నా మీద ఏం తప్పు వేస్తున్నారని అడిగాడు. సువార్తమ్మ నవ్వింది. తప్పు లేదు, ఏం లేదు, అంతా అయిపోయింది, నిమ్మళంగా ఇంటికి పొమ్మంది. జైతు ముఖం నల్లబడింది. వరండా దిగి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అంతకు ముందెన్నడూ లేనంత తాగాడని తెల్లారి అంద్రెయ వచ్చి చెప్పాడు. ఎక్కడ పొరపాటు జరిగిందో సువార్తమ్మకు అంతుపట్టలేదు. పాపం అంద్రెయనే నాలుగు తిట్టింది, సైకిలు సంగతి సరిగా చెప్పలేదని.

మరుసటి గురువారం కూడిక మొదలవుతుండగా మేక అరుపు వినిపించింది. దవాఖాన గేటులోంచి జైతు ఒక మేకను లాక్కొస్తున్నాడు. వెనక మోతుగూడ పెద్ద మాన్కు పటేల్, ఆయన వెంట తలపాగాలు చుట్టుకున్న మరికొందరు ముసలివాళ్ళు. ఒకాయన బియ్యం మూట మోస్తున్నాడు. ఇంకొకాయన చేతిలో క్యాను. దాని మూత తీయకముందే ఇప్ప సారా వాసన వరండా అంతా పరుచుకుంది. తాగుడు మానడానికి వచ్చిన వాళ్ళంతా ఒక్కసారిగా మెడలు చాచారు. అంద్రెయ గుటక మింగి, గోడ మీది టీకాల బొమ్మను శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

సువార్తమ్మ నడుం మీద చేయి పెట్టుకొని అడ్డం నిలబడింది. "ఇదేంది పటేల్, నేను మానుపిస్తుంటే నువ్వు క్యాన్లకొద్ది తెస్తున్నవు?"

పటేల్ రాం రాం చెప్పి తాపీగా చాప మీద కూర్చున్నాడు. "నలుగుర్ల నిలబెట్టి తప్పు ఒప్పిస్తివి గదా అమ్మా. ఒప్పుకున్నోని మీద తప్పు ఎయ్యాలె, దండుగ కింద ఆయన మేకను కొయ్యాలె, అందరం ఆయనతోటి ఒక పంక్తిల తినాలె. అప్పుడే వాడు మళ్ళ మనోడు అయితడు. నువ్వు ఏమీ లేదు పో అంటివి. అంటే వెలేసినవనే గదా."

సువార్తమ్మ నడుం మీది చేయి జారిపోయింది. తాను క్షమించి పంపాననుకుంటే అతను వెలివేశారనుకొని పోయాడు. కాసేపు మేకను చూసింది, జైతును చూసింది, చతికిలబడి చాప మీద కూర్చుంది. మీ దిక్కు ఎట్ల చేస్తరో చెప్పమని పటేల్‌ను అడిగింది. ఇన్ని గురువారాల్లో ఆమె ఒకరిని అట్లా అడగడం అదే మొదలు.

చెప్పేదేముంది, చూడమన్నాడు పటేల్. మోదుగాకు దొప్పలో కాస్త ఇప్ప సారా పోయించుకొని వరండా దిగి, కుమ్ర వంశంలో పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ ఒక్కొక్క చుక్క నేల మీద వదిలాడు. ఆ పేర్లు అయిపోయేసరికి జైతు మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తున్నాడు. మా లచ్చు పేరేదని అడుగుతున్నాడు.

లచ్చు అతని తమ్ముడు. గనిలో పనికి కుదురుకుందామని అన్న దగ్గరికి వచ్చి రెండేళ్ళ కింద విషజ్వరంతో చనిపోయాడు. అప్పుడు వాగు పొంగి దారి లేక, ఊరికి తీసుకుపోలేక, గోలేటి దగ్గరే మట్టి చేశారు. చనిపోయినవాణ్ణి పెద్దల్లో కలిపే తంతు ఊళ్ళో జరగాలి. అది ఇవాళ రేపు అంటూ ఆగిపోయింది. అది జరిగేదాకా పేరు పిలవరు. పిలవని తమ్ముడు ఎక్కడ తిరుగుతున్నాడో అని జైతుకు నిద్ర లేదు.

 పటేల్ మేక తాడు తన చేతిలోకి తీసుకున్నాడు. ఇది తప్పు మేక కాదు, లచ్చు మేక అన్నాడు.

అందరూ మోతుగూడ పోయారు. సువార్తమ్మ కూడా పోయింది. అక్కడి పూజలో ఎట్లా కూర్చోవాలో ఆమెకు ముందు తోచలేదు. తన దేవునికి తాను చెప్పుకుంటానని అంద్రెయతో అని, ఆడవాళ్ళతో కలిసి బియ్యం ఏరే పనిలో దిగింది. తెల్లవార్లూ, గోండుల వంశ కథలు పాడే ప్రధాను కీక్రీ వాయిస్తూ కుమ్ర వంశం కథ పాడాడు. కీక్రీ అంటే కమానుతో వాయించే చిన్న తంత్రి వాద్యం. కథ చివర లచ్చు పేరు కలిసింది. జైతు వింటూ వింటూ అక్కడే, ఆ చప్పుడులోనే నిద్రపోయాడు. ఎవరూ లేపలేదు.

పొద్దున పటేల్ అతనికి ఒక కట్టుబాటు పెట్టాడు. పండగలో, పంక్తిలో దొప్ప ఇస్తే వద్దనకూడదు, పెద్దలకు కోపం వస్తుంది. తీసుకోవాలి. కానీ జైతు తన వాటా కూడా పెద్దలకే పొయ్యాలి. మరి దుకాణం పొట్లం మాటేందని సువార్తమ్మ వెంటనే అడిగింది. పొట్లంలో సారాకు పెద్దలు రారు, వాళ్ళు రాని కాడ కుమ్రవాడికి ఏం పని అన్నాడు పటేల్.

అంతటితో అంతా చక్కబడిందని కాదు. జీతాలిచ్చిన ఒక సాయంత్రం జైతు మళ్ళీ దుకాణం గోడ పక్కన కనిపించాడు. తెల్లారి తనే వచ్చి మా క్వార్టర్ల ముందు నిలబడ్డాడు. సువార్తమ్మ సాక్ష్యం అడగలేదు. పళ్ళెంలో అన్నం పెట్టుకొచ్చి, అంద్రెయను కూడా పిలిచి, ముగ్గురూ మెట్ల మీద ఒక పంక్తిలో కూర్చొని తిన్నారు. అంద్రెయ పచ్చడి తక్కువైందని గొణిగాడు. ఆ తర్వాత గురువారం కూడికలో కూడా అన్నం వండటం మొదలైంది. కట్టెల ఖర్చు ఎక్కడిదని డాక్టరు అడిగితే, అది మందు అని చెప్పిందట.

దీపావళి వచ్చింది. మోతుగూడ దండారి చింతగూడకు చేరిన రోజు సువార్తమ్మ, అంద్రెయలతో పాటు నేనూ వెళ్ళాను. ఊరి పొలిమేరలో చింతగూడ ఆడవాళ్ళు బిందెలతో అడ్డం నిలబడ్డారు. వరసకు మరదళ్ళయ్యే వాళ్ళకు ఆ రోజు నోటికి అడ్డు లేదు. మా బావ ఎక్కడ పడతాడో, గడ్డి పరవండని ఒకామె, ఈసారి టోపీ ఒక్కటే వచ్చిందా, కింద మనిషున్నాడా అని ఒకామె. జైతు ఒంటి నిండా బూడిద పూసుకొని, నెమలి ఈకల టోపీతో ఇంకా పొడుగ్గా కనిపిస్తున్నాడు. తుడుం మోగింది. జైతు ఎగిరాడు. కాసేపటికి ఎకసెక్కాలు ఆగిపోయాయి. వెనక ఏ ఇంట్లోంచో మాడిన కూర వాసన వచ్చింది.

ఆట ఆగాక సోంబాయి తమ్ముడు దొప్పలో ఇప్ప సారా తెచ్చి బావ చేతికిచ్చాడు. సోంబాయి బిడ్డను ఎత్తుకొని గుంజకు ఆనుకొని చూస్తోంది. సువార్తమ్మ అంద్రెయ చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే అతను అబ్బా అన్నాడు. జైతు దొప్ప రెండు చేతులతో తీసుకొని, కళ్ళకద్దుకొని, పేర్లు చెప్పుకుంటూ అంతా నేల మీద పోశాడు. బావమరిది మళ్ళీ నింపాడు. జైతు మళ్ళీ పోశాడు. ఇంకోటి నింపబోతుంటే ఒక ముసలాయన అడ్డుకున్నాడు, ఇంక పోస్తే నేల తూలుతుందని. ఊరు ఊరంతా నవ్వింది.

సోంబాయి అప్పుడు మాట్లాడింది. "మీ పెద్దోళ్ళకు ఇంత దూపనా?"

"మా లచ్చు గూడ ఉన్నడు గదా ఇప్పుడు," అన్నాడు జైతు.

ఆమె లోపలికి పోయింది. పండగ ముగిసి టోపీ దించేదాకా గుస్సాడీ బృందాన్ని విడిచిపెట్టి పోకూడదు. అందుకని సోంబాయి ఒక గోనె మూట తెచ్చి సువార్తమ్మ ముందు పెట్టింది. ఇది నువ్వు తీసుకపో అక్కా, ఆయన టోపీ దించినంక మేము వస్తం అంది.

ఆ మూటను బస్సు దాకా అంద్రెయ మోశాడు. దారి పొడుగునా ఇందులో ఏముందని, మెడ విరిగిందని మొత్తుకుంటూనే ఉన్నాడు. సువార్తమ్మ ఏదో కీర్తన పాడుకుంటూ నడిచింది. చేతి తాళం మాత్రం గుమేలా దరువు.

గోలేటిలో దిగాక మా ఇళ్ళకు కూడా రాకుండా నేరుగా జైతు క్వార్టర్‌కు పోయి తలుపు తీసింది. కింది రాయి మీద ఉతకని చొక్కాలు కుప్పగా ఉన్నాయి. వాటిని తీసి పక్కన పడేసి, కొంగుతో దుమ్ము తుడిచి, మూటలోని పైరాయిని దాని మీద కూర్చోబెట్టింది. గింజలు లేకుండానే ఒక చుట్టు తిప్పి చూసింది.